నల్ల బట్ట మీద నల్ల దారం

మాట్లాడాలనుకున్నప్పుడు ఆయన ముందు పెదవుల మధ్య నుంచి గుండుసూదులు తీస్తాడు. రెండు సూదులు. ఒకదాని తర్వాత ఒకటి ఎడమ మణికట్టుకు కట్టుకున్న చిన్న దిండులో గుచ్చుతాడు. అప్పుడు మొదలవుతుంది.

సూదులు నోట్లో ఉంటే పని. తీస్తే కబుర్లు. కోర్టు ఎదురు వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. తొందరలో ఉన్నవాళ్ళు ఆయన చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళడం చూడగానే "వస్తానండీ, కేసు పిలుస్తారు" అంటూ మెట్లు దిగిపోతారు.

ఆ అలవాటు నాన్న చేసింది. నాన్నా టైలరే. కొడుకు టేపు పట్టుకున్న మొదటి రోజున ఒక పెద్దమనిషి నడుము కొలుస్తూ, పొట్ట ఇంత ఎలా పెరిగిందండీ అని అడిగాడు. పెద్దమనిషి వెళ్ళాక నాన్న కోప్పడలేదు. రెండు గుండుసూదులు తీసి కొడుకు పెదవుల మధ్య పెట్టాడు.

"ఇవి పడకూడదు," అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పక్కనే కాజాలు కుడుతున్న అక్క నవ్వింది. "వీడి నోట్లో నువ్వుగింజ నానదు నాన్నా. సూదులెలా నిలుస్తాయి?"

సూదులు నిలిచాయి. నువ్వుగింజ మాత్రం ఇప్పటికీ నానలేదు. ఇప్పుడాయనకు యాభై ఏడేళ్ళు.

ఆయన కుట్టేది ప్లీడర్లు కోటు మీద వేసుకునే నల్ల గౌన్లు. ఇంకేమీ కుట్టడు. గౌను చూడ్డానికి వదులుగా, సులువుగా ఉంటుంది. కానీ వెనక, మెడ పట్టీ కింద, నలభై సన్న కుచ్చిళ్ళు ఒకే దూరంలో పడాలి. ఒక్కటి తప్పితే ప్లీడరు జడ్జి వైపు తిరిగి వంగినప్పుడు వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళకు కనిపిస్తుంది. ఆయన ఆ వెనక బెంచీల కోసమే కుడతాడు.

మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండవు. ఛాతీ కొలతలు గుర్తుంటాయి. "నలభై నాలుగు గారు వచ్చారు," అంటాడు. "ముప్పై ఆరు మేడమ్ గౌను ఇచ్చేశావా అక్కా?" అంటాడు. అక్కకూ ఆ లెక్కే అలవాటైపోయింది.

అక్క, బావ పక్క కొట్లో ఉంటారు. వాళ్ళది ఇస్త్రీ కొట్టు. నాన్న పోతూ ఒకటిగా ఉన్న స్థలాన్ని రెండు కొట్లు చేసి చెరొకటి ఇచ్చాడు. రెండింటి మధ్య రెండు బారల సందు వదిలాడు. సందు ఇద్దరిదీ అని కాగితం రాశాడు. ఇక్కడ కుట్టిన గౌను అక్కడ ఇస్త్రీ అవుతుంది. ఉతికిన గౌన్లు సందులో తాడు మీద ఆరతాయి. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

టైలరు కొట్టుకు కిటికీ ఒక్కటే. అది సందులోకి తెరుచుకుంటుంది. మిషను ఆ కిటికీ కిందే ఉంటుంది. నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టేవాడికి పగటి వెలుతురు కావాలి. దీపం కింద నలుపు మెరుస్తుంది, కుట్టు దాక్కుంటుంది. పోనీ వీధి వైపు కూర్చుందామంటే బస్సుల దుమ్ము పిండి జల్లినట్టు బట్ట మీద పడుతుంది. కాబట్టి ఆ కిటికీ లేకపోతే ఆయన లేడు.

ఆ కిటికీ మీదే వచ్చింది గొడవ.

కిందటి ఎండాకాలం బావ సందు మీద ఈ చూరు నుంచి ఆ చూరుకు రేకు వేశాడు. మొదటి రోజు టైలరు పట్టించుకోలేదు. ఏదో నాలుగు రోజులకు వేశాడనుకున్నాడు. రెండో వారం ఒక గౌనుకు చెయ్యి తిరగేసి కుట్టాడు. విప్పుదామంటే కుట్టు కనిపించలేదు. ఆ సాయంత్రం రెండు సూదులూ తీసి సందులోకి వెళ్ళాడు.

అన్నీ అన్నాడు. బావ ఒకే మాట అన్నాడు. "తియ్యను."

అప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. ఉన్నవి అక్క మీదుగా నడిచాయి.

"అక్కా, మీ ఆయనతో చెప్పు. రేకు తియ్యకపోతే కోర్టుకెళతానని."

"ఏమేవ్, మీ తమ్ముడితో చెప్పు. కోర్టు ఎదురుగానే ఉంది, ఆటో కూడా అక్కర్లేదని."

"మీ ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క సందు," అంది అక్క. "నాకు ముప్పై గౌన్లున్నాయి ఇస్త్రీకి. నేను పోస్టుమాన్ని కాను."

టైలరు కేసు వేశాడు. ప్లీడరును ఎంచుకోవడంలో ఆయన చాలా ఆలోచించాడు. ఆ కోర్టులో ఆయన దగ్గర గౌను కుట్టించుకోని ప్లీడరు ఒక్కడే ఉన్నాడు. ఇంకెక్కడో రెడీమేడ్ గౌను కొనుక్కున్నాడు. తన సంగతులు వినని మనిషి అతనొక్కడే అని టైలరు అతన్నే పెట్టుకున్నాడు. ఆ గౌను ఎడమ భుజం అరంగుళం కిందికి దిగి ఉంటుంది. అది చూసినప్పుడల్లా ఆయనకు పన్ను నొప్పి వచ్చినట్టు ఉండేది.

బావ ఇద్దరు ప్లీడర్లను పెట్టుకున్నాడు. నలభై నాలుగు గారిని, ఆయనతో ఒకే ఆఫీసులో పనిచేసే ముప్పై ఆరు మేడమ్‌ను. ఇద్దరి గౌన్లూ టైలరు కుట్టినవే. బావ ఇస్త్రీ చేసేవే.

కొన్నాళ్ళకు బావ తరఫు జవాబు వచ్చింది. రెడీమేడ్ ప్లీడరు దాన్ని చదివి వినిపించాడు. నాలుగో పేరా దగ్గర టైలరు చెయ్యి నోటి దగ్గరికి పోయింది.

"సదరు రేకు వేయునప్పుడు నిచ్చెన పట్టుకున్నది వాది స్వయముగా."

నిజమే. బావ బరువైన మనిషి. నిచ్చెన పాతది. పడితే అక్కకు ఎవరు దిక్కని ఆ రోజు టైలరే వెళ్ళి పట్టుకున్నాడు. అరగంట పట్టుకున్నాడు.

"ఈ సంగతి వీళ్ళకెలా తెలిసిందండీ?" అన్నాడు ప్లీడరుతో. "నేను చెప్పింది ముప్పై ఆరు మేడమ్‌కు. కొత్త గౌనుకు కొలతలిస్తుంటే చెప్పాను. అప్పటికి మా బావ ఆవిడ్ని పెట్టుకోలేదు. నమ్మి చెప్పాను. ఆ నమ్మకాన్ని తీసుకెళ్ళి అటు పక్క వాడేశారు."

"అయితే?"

"వాళ్ళు ఈ కేసులో ఉండకూడదు. ఇద్దరూ తప్పుకోవాలి. పిటిషన్ వెయ్యండి."

"నిలవదండీ," అన్నాడు రెడీమేడ్ ప్లీడరు. ఇంకా ఏదో చెప్పబోయాడు. టైలరు అప్పటికే నమ్మకద్రోహం గురించి మొదలుపెట్టాడు. అది నలభై నిమిషాలు సాగింది. పిటిషన్ వేశారు.

ఆ పిటిషన్ రెండు వాయిదాలు తిన్నది. రెండోసారి జడ్జిగారు టైలరునే బోనులోకి పిలిచారు. సూదులు లేకుండా అంతమంది ముందు నిలబడడం ఆయనకు అదే మొదలు.

"నిచ్చెన సంగతి మేడమ్‌కు ఎప్పుడు చెప్పారు?" అన్నారు జడ్జిగారు.

"భుజాలు కొలిచేటప్పుడండి."

"రహస్యంగా చెప్పారా?"

"చెవి దగ్గరే చెప్పానండి. భుజాలు కొలిచేటప్పుడు అక్కడే ఉంటాను కదండి."

ముప్పై ఆరు మేడమ్ లేచింది. గౌను చక్కగా పడింది. ఆ చికాకులోనూ టైలరు అది గమనించాడు.

"ఇదే సంగతి నాకు కాకుండా ఇంకెవరికైనా చెప్పారా?"

ఆయన ప్రమాణం చేసి నిలబడ్డాడు. అబద్ధం ఆడే మనిషి కూడా కాదు. వేళ్ళు మడుస్తూ చెప్పాడు.

"స్టాంపులమ్మే ఆయనకు చెప్పానండి. టీ కొట్టు ఆయనకు. టైపు చేసే ఆవిడకు. ఆవిడ చెల్లెలికి. నలభై రెండు గారికి, నలభై రెండున్నర గారికి. మీ బెంచి క్లర్కు గారికి..."

బెంచి క్లర్కు తల ఫైల్లోకి దించుకున్నాడు.

"చాలు," అన్నారు జడ్జిగారు. "నాకూ గౌను కుట్టింది మీరే."

"అవునండి. ముప్పై తొమ్మిది..."

"కొలతలు రికార్డులో వద్దు. ఆ రోజు నాకు మీ మోకాలి నొప్పి గురించి చెప్పారు. నిచ్చెన గురించి చెప్పలేదు."

"అప్పటికి రేకు వెయ్యలేదండి."

వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదు.

"ఒక్కటి చెప్పండి," అన్నారు జడ్జిగారు. "నిచ్చెన ఎక్కింది ఎవరు?"

"మా బావండి."

"కింద పట్టుకున్నది?"

"నేనేనండి."

"మరి కింద పట్టుకున్నది ఎవరో మీ బావకు తెలియడానికి మేడమ్ వెళ్ళి చెప్పాలా?"

టైలరు నోరు తెరిచాడు. చెయ్యి పెదవుల దగ్గరికి వెళ్ళింది. తియ్యడానికి అక్కడ సూదులు లేవు. ఏడాదిగా ఈ కేసు గురించి ఆయన వీధి వీధంతా చెప్పాడు. ఆ ఒక్క ముక్క ఆయనకూ తట్టలేదు, విన్నవాళ్ళెవరికీ తట్టలేదు. విన్నవాళ్ళు నిజంగా విన్నారా అన్న అనుమానం మొదటిసారి అప్పుడే వచ్చింది.

పిటిషన్ ఖర్చులతో సహా కొట్టేశారు. అంటే ఆ రెండు వాయిదాలకు అవతలి ప్లీడర్లు నిలబడినందుకు వాళ్ళ ఫీజు ఈయన కట్టాలి. వచ్చే వాయిదాలోగా కట్టాలి. కట్టకపోతే అసలు కేసు అక్కడితో ఆగిపోతుంది. కేసు ఆగితే రేకు ఉంటుంది. రేకు ఉంటే కిటికీ ఉండదు.

బయట వరండాలో రెడీమేడ్ ప్లీడరు అన్నాడు. "నిలవదని చెప్పానండీ."

"నెమ్మదిగా చెప్పారు."

"గట్టిగా చెప్పడానికి సందు ఎక్కడిచ్చారు?"

టైలరు చెయ్యి చాపి అతని ఎడమ భుజం పైకి సర్దాడు. అది మళ్ళీ దిగింది.

ఖర్చులు తొమ్మిది గౌన్ల కుట్టుకూలి అంత తేలాయి. అదృష్టం కొద్దీ కొత్తగా ప్లీడర్లయ్యే వాళ్ళ నుంచి పదకొండు గౌన్లు వచ్చాయి. వాయిదాకు రెండు రోజుల ముందు ఇవ్వాలి. ఏడాదిగా ఒకటీ అరా గౌన్లు వీధి వైపు కూర్చుని దుమ్ము దులుపుకుంటూ కుట్టాడు, పదకొండు అలా తేలవు. బట్ట తెచ్చి కత్తిరించాడు. కిటికీ కింద కూర్చున్నాడు. మొదటి గౌను కుచ్చిళ్ళు మూడుసార్లు లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది వచ్చాయి. తర్వాత నలభై ఒకటి. తర్వాత ముప్పై ఎనిమిది. కిటికీ వైపు చూశాడు. పైన రేకు ఉంది. వెలుతురు కోసం కేసు, కేసు నిలవాలంటే ఖర్చులు, ఖర్చులు కట్టాలంటే గౌన్లు, గౌన్లు కుట్టాలంటే వెలుతురు. ఆయన సూదులు తీశాడు. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. మళ్ళీ పెట్టుకున్నాడు.

రెండో రోజు అక్క వచ్చింది. విప్పిన కుట్ల దారం నేల మీద పోగై ఉంది. అది చూసింది. కుట్టుమిషను ఒక కొస పట్టుకుంది.

"ఎత్తరా అటు."

"ఎక్కడికి?"

"మా కొట్లోకి. మా వెనక గోడ సగమే కదా, ఇస్త్రీ వేడి పోవాలని. కావలసినంత వెలుతురు."

"ఆయనతో కేసు నడుస్తోంది నాకు!"

"నడవనీ. అది కోర్టులో నడుస్తుంది. మిషను ఇక్కడ నడుస్తుంది. ఎత్తు, నా నడుము పట్టేసింది."

అలా వాది వెళ్ళి ప్రతివాది కొట్లో కూర్చున్నాడు. ప్రతివాది ప్లీడర్లకు కట్టాల్సిన డబ్బు కోసం ప్రతివాది వెలుతుర్లో గౌన్లు కుట్టాడు. చూడ్డానికి వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఇస్త్రీకి రుమాలు కూడా తెచ్చారు.

మొదటి రోజు మాటల్లేవు. మిషను చప్పుడు, బట్ట మీద నీళ్ళు జల్లే చప్పుడు, ఇస్త్రీపెట్టె ఆనినప్పుడు ఆవిరి. కుచ్చిళ్ళు లెక్కపెడితే ప్రతిసారీ నలభై వచ్చాయి. రెండో రోజు బావ టీ తెప్పించాడు. మూడు గ్లాసులు. మూడోది ఎవరికో చెప్పలేదు. మిషను పక్కన పెట్టి వెళ్ళాడు.

మూడో రోజు టైలరు తల ఎత్తేసరికి ఎదురు గోడకు మేకు మీద ఒక పాత గౌను వేలాడుతోంది. కుట్టు తనదే. బట్ట తనదే. ఒక భుజం మాత్రం నలుపు కాదు. కాఫీపొడి రంగు.

సూదులు తీశాడు. "అక్కా, మీ ఆయన్నడుగు, ఆ గౌను ఎవరిదని."

బావ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. అక్క మీదుగా చెప్పడం మర్చిపోయాడు.

"అదొక్కటే కాదురా. కిందటేడాది ఎండలు ముదిరాక అలాంటివి ఆరొచ్చాయి. సందులో ఆరేస్తే నడినెత్తి ఎండ పడుతుంది. నెల తిరిగేసరికి నీ నలుపు ఇలా తిరుగుతుంది. మీ బావమరిది నాసిరకం బట్ట వాడుతున్నాడా అని అడిగారు నన్ను."

"నువ్వేమన్నావు?"

"బట్ట మంచిదే, ఎండ చెడ్డదన్నాను. అయితే నీడ వెయ్యమన్నారు. వేశాను."

మిషను చక్రం మీద టైలరు చెయ్యి ఆగిపోయింది. "ఈ ముక్క నాకు చెప్పలేదే బావా!"

"నిచ్చెన మీద నుంచి మూడుసార్లు చెప్పబోయాను. నువ్వు కింద నీ మోకాలి గురించి చెబుతున్నావు. నేను దిగేసరికి మోకాలు అయిపోయి నడుము మొదలైంది."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది కాబట్టి దాన్ని పైకెత్తి పట్టుకుని నవ్వింది.

"తర్వాతైనా చెప్పొచ్చుగా," అన్నాడు టైలరు.

"తర్వాత సందులోకొచ్చి నన్ను ఎన్నెన్ని అన్నావు? నాకూ పౌరుషముంటుంది. తియ్యను అన్నాను."

టైలరు లేచి ఆ కాఫీపొడి రంగు భుజాన్ని వేళ్ళతో తడిమాడు. తర్వాత అడిగాడు. ఈసారి చిన్న ప్రశ్నే.

"ఎండ ఎప్పుడు పడుతుంది సందులో?"

"పన్నెండు నుంచి మూడు."

"నాకు కావలసింది పొద్దుటి వెలుతురు. పన్నెండుకు నేను కొలతలకు లేస్తాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క ఇస్త్రీపెట్టె దించింది.

"ముగ్గురు ప్లీడర్లు, ఒక జడ్జిగారు, ఏడాది కాలం. ఆ రేకుకు రెండు కీళ్ళు పెడితే పొద్దున్న ఎత్తుకోవచ్చు, మధ్యాహ్నం దించుకోవచ్చు. ఇద్దరి బుర్రలూ కలిపితే ఒక కీలు అంత లేవు."

బావ మెడ గోక్కున్నాడు. "ఆ ఖర్చులు వదిలెయ్యమని మా ప్లీడర్లతో చెబుతాలేరా."

"వద్దు," అన్నాడు టైలరు. "నా నిచ్చెన కోసం వాళ్ళు రెండు వాయిదాలు నిలబడ్డారు. కట్టేస్తాను. మళ్ళీ నీ దగ్గర మాట పడను."

"కట్టు. నాకేమైనా వస్తుందా, చస్తుందా."

పదకొండు గౌన్లు అనుకున్న రోజుకు అయ్యాయి. పన్నెండోది కూడా ఒకటి చేశాడు. రెడీమేడ్ ప్లీడరు చేత గౌను విప్పించి, ఎడమ భుజం కుట్టు ఊడదీసి, మళ్ళీ కుట్టాడు. అతను అడగలేదు. డబ్బులిస్తానంటే టైలరు వినలేదు.

వాయిదా రోజు వరండాలో బెంచీ మీద కూర్చుని ఖర్చులు లెక్కపెట్టి ఇచ్చాడు. నలభై నాలుగు గారు తీసుకున్నారు. ముప్పై ఆరు మేడమ్ రసీదు రాసింది.

"మీ మీద పిటిషన్ వేశానండి. మనసులో పెట్టుకోకండి," అన్నాడు.

"మీరు చెప్పినవేవీ మనసులో పెట్టుకోలేదండీ," అంది ఆవిడ. "పట్టలేదు."

ఆయన కూడా నవ్వాడు. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కట్టినందుకు ఆయనకు బాధగా లేదు. కాస్త తేలిగ్గానే ఉంది. లోపల రెండు వైపుల వాళ్ళూ రాజీ కాగితం ఇస్తామని చెప్పారు. రేకుకు కీళ్ళు పెడతారు, పొద్దున్న ఎత్తుతారు, పన్నెండుకు దించుతారు. జడ్జిగారు విని తల ఊపారు.

"నిచ్చెన ఎవరు పట్టుకుంటారో అందులో స్పష్టంగా రాయండి," అన్నారు.

రాశారు.

మర్నాడు పొద్దున్నే బావ రెండు కీళ్ళు, స్క్రూలు కొనుక్కొచ్చాడు. అదే నిచ్చెన సందులో వేశాడు. టైలరు కొట్లోంచి బయటికొచ్చి రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. రెండు సూదులూ పెదవుల మధ్య ఉన్నాయి.

బావ ఎక్కాడు. ఒక స్క్రూ బిగించాడు. ఎండ గురించి చెప్పాడు. ఇంకో స్క్రూ బిగించాడు. అక్కకు తెలియకుండా దాచుకున్న సిగరెట్టు గురించి చెప్పాడు. మూడో స్క్రూకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. కింద అంతా నిశ్శబ్దంగా ఉంది. బరువైన మనిషి. నిచ్చెన పాతది.

"ఏరా," అన్నాడు పైనుంచి, కిందికి చూసే ధైర్యం లేక. "ఉన్నావా, పోయావా?"

టైలరు సూదులు తియ్యలేదు. నిచ్చెన కొంచెం కదిపాడు.

"ఉంటే ఉన్నానని చెప్పరా! అలా ఊపుతావా!"

రేకు లేచింది. వెలుతురు సందులోకి, సందులోంచి కిటికీలోకి, మిషను మీద పరిచి ఉన్న నల్ల బట్ట మీదికి వచ్చింది. బావ దిగి రెండు కాళ్ళూ నేల మీద పెట్టేదాకా ఆయన నిచ్చెన పట్టుకునే ఉన్నాడు. తర్వాత వెళ్ళి కూర్చుని, మొదటి ప్రయత్నంలోనే సూదిలోకి దారం ఎక్కించాడు.